కొన్న గేములు పూర్తి కావట్లేదా? ముందు ఒక్కటే ఉంచుకోండి

ఉద్యోగంలో చేరాక రాత్రి ఒక్క గంటే దొరుకుతోందని, సేల్‌లో కొన్నవి 40 దాకా పేరుకుపోయాయని, ఏది మొదలుపెట్టినా మధ్యలో వదిలేస్తున్నానని, రోజూ ఒక బ్యాటిల్ పాస్ గేమ్ (గడువులోగా ఆడుతూ బహుమతులు గెలుచుకునేది) మాత్రం ఆడుతున్నానని రాశారు. మీకు గేములంటే ఇష్టం పోలేదండి. రోజూ లాగిన్ అవ్వమనే ఆ బ్యాటిల్ పాస్ గేమే మీ గంటని మింగేస్తోంది. గడువు పెట్టి బహుమతులు చూపించేది, ఈరోజు రాకపోతే ఏదో పోతుందన్న భయం పుట్టించడానికే. ముందు దాన్ని తీసేయండి. మొదటి వారం వెలితిగా ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది.

తర్వాత ఒక్క గేమే ఇన్‌స్టాల్ చేసి ఉంచుకోండి, చిన్నదైతే మేలు. 2007లో వచ్చిన పోర్టల్ అనే పజిల్ గేమ్ నాలుగైదు రాత్రుల్లో అయిపోతుంది, అందులో ఒక్క పజిల్ కూడా వృథాగా అనిపించదు. 100 గంటల ఓపెన్ వరల్డ్ (పెద్ద ప్రపంచంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే) గేములే గొప్పవన్నట్టు పరిశ్రమ ప్రచారం చేసుకోవడం నాకు అస్సలు నచ్చదు. పెద్దదే ఆడాలనిపిస్తే, ఆపే ముందు ఎక్కడున్నారో, తర్వాత ఏం చేయాలో ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి. మర్నాడు వెతుకులాట తప్పుతుంది.

కొత్తది కొంటే అదే వారం మొదలుపెట్టండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. పాతవాటికి ఆ గడువు ఎలాగూ దాటిపోయింది కాబట్టి వాటి గురించి బెంగపడకండి.