చాబీ మొలతాడుకు కట్టుకో, అల్లుడూ

అల్లుడూ,

నిన్న మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు డీసీఎం మానేసి కొల్లూరు దగ్గర కాంక్రీటు ప్లాంటులో మిక్సర్ బండి ఎక్కుతున్నావట, సోమవారం నుంచే డ్యూటీ అట. చెబుతుంటే దాని గొంతులో సంతోషం ఆగడం లేదు. నేనూ "మంచి మాట చెప్పావు చెల్లే" అన్నాను. ఫోన్ పెట్టేశాక అన్నం సహించలేదు. సగం కంచం వదిలేసి లేస్తే మీ అత్త ఏమైందని అడిగింది. షుగర్ డౌనయింది అన్నాను.

మన ఇంట్లో నా తర్వాత టీఎం, అదే ట్రాన్సిట్ మిక్సర్, స్టీరింగ్ పట్టేది నువ్వే. ఊళ్లో ఇప్పటికే నలుగురికి చెప్పుకున్నాను. కానీ 22 ఏళ్లు ఆ బండి మీద బతికినవాణ్ణి, గర్వంతో పాటు నాకు భయం కూడా ఉంటుంది. ఫోన్లో చెబితే "సరే మామా, సరే మామా" అంటావు, ఆ చెవితో విని ఈ చెవితో వదిలేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

బెల్టు, బూట్లు, హెల్మెట్, టైర్లు, బ్రేకుకు గాలి నిండేదాకా కదలకపోవడం, ఇవన్నీ నీకు తెలుసు. తాగి ఎక్కావని తెలిస్తే ప్లాంటు గేటు దగ్గరకే వచ్చి కొడతాను, పెళ్లీడు వచ్చిందని కూడా చూడను.

డీసీఎంలో బియ్యం బస్తాలు కట్టేస్తే కట్టేసినట్టే ఉంటాయి. ఇది అలా కాదు. 6 క్యూబిక్ మీటర్ల డ్రమ్ము నిండితే మాలు ఒక్కటే 14 టన్నుల పైమాట. అదీ నేలకు దగ్గరగా ఉండదు, నీ తల కంటే ఎత్తున తిరుగుతూ ఉంటుంది. డ్రమ్ము తిరిగినంతసేపూ బరువు ఒక పక్కకే ఒరుగుతుంది. ఖాళీ బండితో నువ్వు హాయిగా తిప్పిన మలుపే నిండు బండిని పడుకోబెట్టేస్తుంది. రింగు రోడ్డు దిగే ర్యాంపు దగ్గర అలా పడుకున్న బండిని నేను చూశాను. సగం లోడు కదా అని ధీమా పడకు, సగం లోడు లోపల ఇంకా ఎక్కువ కదులుతుంది. మలుపు ముందే స్పీడు తగ్గించు, మలుపులోకి వెళ్లాక బ్రేకు కొట్టకు. వెనకవాడు హారన్ కొట్టుకుంటే కొట్టుకోనీ, ఇంటికి పోయాక చల్లబడతాడు.

ఎడమ పక్క నీకు కనపడదు. అద్దం ఉంది కదా అంటావేమో, అద్దంలో బండి కనపడుతుంది, బండిని ఆనుకుని దూరే స్కూటీ కనపడదు. ఎడమకు తిప్పేముందు ఒక్క క్షణం ఆగు. సైట్లో రివర్స్ పెడితే వెనక మనిషి నిలబడి ఈల వేయాలి. వాడు నీ కంటికి కనపడకపోతే బండి అక్కడే ఆపు. సెల్లార్ గుంతలు ఇప్పుడు మూడు, నాలుగు అంతస్తుల లోతు తవ్వుతున్నారు. గుంత ఎంత లోతుందో కనీసం అంత దూరంలో నిలుపు. మాలు జారే రేకు కాలువ చూపించి మేస్త్రీ "ఇంకొంచెం రా, చూట్ అందడం లేదు" అంటాడు. చూట్ అందకపోతే ఇంకో ముక్క తగిలించుకోమను. బండి లోపల పడితే మేస్త్రీ తీయడు.

సైటువాళ్లు అడిగే మొదటి మాట "నీళ్లు కొట్టన్నా, జారడం లేదు" అనే. కొట్టకు. ఆ నీళ్లతో వాళ్లకు పని తేలికవుతుంది కానీ స్లాబు బలం పోతుంది. 28 రోజులకు బలం చూసే క్యూబులు, అదే పరీక్ష దిమ్మెలు, ఫెయిలయితే అందరి చూపూ బండి నంబరు మీద పడుతుంది. ప్లాంటు ఇంజినీరుకు ఫోన్ చెయ్, పోస్తే కెమికల్ ఆయనే పోయిస్తాడు. వినకుండా వాళ్లే పైపు పెడితే ఎన్ని లీటర్లో చలాను మీద రాయించి సంతకం తీసుకో. లోడు ఎత్తిన టైము కూడా చూసుకుంటూ ఉండు. రెండు గంటల్లో డ్రమ్ము ఖాళీ కావాలని రూల్. పంపు చెడిపోయో, ట్రాఫిక్ జామయ్యో అక్కడే ఇరుక్కుంటే దానికి కూడా మా పాతవాళ్ల మందు ఒకటుంది. క్యాబిన్లో ఒక చక్కెర సంచి పెట్టుకో. డ్రమ్ములో పోస్తే మాలు గట్టిపడడం ఆగుతుంది. ఆ మాలు స్లాబుకు పనికిరాదు, పారబోయాల్సిందే, డ్రమ్ము మాత్రం దక్కుతుంది. ప్లాంటువాళ్లకు చెప్పకుండా మాత్రం పోయకు.

చిన్నప్పుడు నా ఎడమ చీలమండ మీద మచ్చ చూసి "పాము కరిచిందా మామా" అని అడిగేవాడివి, గుర్తుందా? నేను ఔననేవాణ్ణి, నువ్వు నోరు తెరుచుకుని చూసేవాడివి. అది పాము కాదురా, సిమెంటు. బూటులోకి తడి మాలు పోతే ట్రిప్పు అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికి చర్మం ఊడి వచ్చింది. తడి సిమెంటు నొప్పి తెలియనీయకుండానే కాలుస్తుంది. పడితే వెంటనే కడుక్కో.

ఇక అసలు సంగతి. మీ అత్తకు కూడా చెప్పనిది.

అప్పుడు నేను వేరే ప్లాంటులో ఉన్నాను. ట్రిప్పుకు ఇంత అని బత్తా. పోసిన ప్రతిసారీ నీళ్లు పట్టి, డ్రమ్ము గట్టిగా తిప్పి కడగాలి. కడిగితే పావుగంట పోతుంది, ఆ పావుగంటలో ఇంకొకడు లైన్లో నా ముందు దూరతాడు. అందుకని కడిగినట్టే చేసేవాణ్ణి. నెల తిరిగేసరికి లోపల బ్లేడ్ల మధ్య బండరాయిలా పేరుకుంది. 6 క్యూబిక్ మీటర్ల బండిలో 5 కూడా పట్టడం లేదని సూపర్‌వైజరు తిట్టి, చిప్పింగుకు, అంటే లోపల గట్టిపడ్డ మాలు పగలగొట్టించడానికి, పెట్టాడు.

ఒడిశా పిల్లలిద్దరు వచ్చారు. ఒకడు పగలగొట్టే మెషీన్, బ్రేకర్, పట్టుకుని డ్రమ్ము పక్కనున్న మూత తీసి లోపలికి దూరాడు. ఇరవై ఏళ్లుంటాయేమో, నీ కంటే చిన్నవాడు. లోపల చీకటి, దుమ్ము, చెవులు పగిలే చప్పుడు. నేను చాబీ బండికే వదిలేసి టీకి పోయాను. మా దగ్గర అందరూ అలాగే వదిలేసేవాళ్లు, అవసరమైతే ఎవరో ఒకరు బండి పక్కకు తీస్తారని. పొద్దున డ్రమ్ము తిప్పిన లివరు కూడా న్యూట్రల్లో పెట్టలేదు.

ఇంకో డ్రైవరు తన బండికి దారి కావాలని నా క్యాబిన్ ఎక్కి స్టార్ట్ చేశాడు. ఇంజిన్‌తో పాటే డ్రమ్మూ తిరిగింది. బయటున్న పిల్లవాడు తలుపు మీద గుద్దుతుంటే నేను గ్లాసు పారేసి పరుగెత్తాను. సగం చుట్టు తిరిగి ఆగింది. సగమే. ఆ సగానికే లోపలి పిల్లవాడికి కాలు, భుజం విరిగాయి. మూత కిందికి వెళ్లిపోయింది. వాణ్ణి తీయాలంటే మళ్లీ డ్రమ్ము తిప్పాలి. చేత్తో మెల్లగా తిప్పే ఏర్పాటు ఉంటుంది, అది తెలిసిన మెకానిక్ వచ్చేదాకా ఇనుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి ఏడుపు వినిపిస్తుంటే ధైర్యంగా ఉండేది. ఆగితే కాళ్లు వణికేవి.

బతికాడు. ఆసుపత్రికి పోతే నన్ను చూసి వాడు మొదట అడిగింది, "అన్నా, మెషీన్ బాగానే ఉందా?" అని. బ్రేకరు కిరాయికి తెచ్చింది. అది పగిలితే కూలీలోంచి కోస్తారని వాడి భయం.

విచారణలో స్టార్ట్ చేసినవాడిదే తప్పన్నారు. వాణ్ణి పనిలోంచి తీసేశారు. చాబీ నేను వదిలానని, లివరు నేను మరిచానని, అసలు ఆ చిప్పింగు అవసరమే నా బద్ధకం వల్ల వచ్చిందని ఒక్క మాట చెప్పలేదు. ఇంట్లో మీ అత్తకు నెలలు నిండాయి, నా కొలువు పోతే ఎలా అనుకున్నాను. రెండేళ్లకు ఆ డ్రైవరు పటాన్‌చెరులో కనపడ్డాడు. "ఎట్లున్నవన్నా" అని వాడే పలకరించాడు. ఇద్దరం టీ తాగాం. డబ్బులు నేనిచ్చాను. అప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి బండి ఆగిందంటే చాబీ నా మొలతాడుకే. మూత్రానికి పోయినా సరే. తోటివాళ్లు నవ్వేవాళ్లు, ముసలమ్మ బీరువా తాళాలు దోపుకున్నట్టుందని. ఈ కాలం పిల్లలు మొలతాడు కట్టరని తెలుసు. మీ అమ్మ చేత నల్లదారం ఒకటి పంపిస్తున్నాను, కట్టుకో. లివరు న్యూట్రల్లో ఉందో లేదో రెండుసార్లు చూడు. బ్యాటరీ వైరు తీయించు. లోపల మనిషి ఉన్నాడని క్యాబిన్ తలుపుకు బోర్డు వేలాడదీయి, హిందీలో కూడా రాయి. నువ్వు మాత్రం ఎవరు చెప్పినా డ్రమ్ములోకి దిగకు, అది నీ పని కాదు. ప్రతి ట్రిప్పు తర్వాత పావుగంట కడుగు. బత్తా పోతే ఆ డబ్బు నేనిస్తాను, నిజంగానే అడుగు.

నీ బండి ఎప్పుడైనా చిప్పింగుకు పెడితే ముందురోజు నాకు ఫోన్ చెయ్. జడ్చర్లలో పొద్దున్నే బస్సెక్కితే పదింటికల్లా నీ దగ్గర ఉంటాను. నాకిప్పుడు వేరే పనేముంది, బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను.

మీ మామ