అడగండి చెబుతాం: గెటిస్‌బర్గ్‌లో 262 మంది

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు మినియాపొలిస్‌లో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు పక్కింటాయన మా అల్లుడితో "అంతర్యుద్ధంలో మా రాష్ట్రం రెజిమెంట్ ఒక్క సాయంత్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది" అని ఛాతీ విరుచుకుని చెబుతుంటే విన్నాను. తుడిచిపెట్టుకుపోతే అందులో గొప్పేముంది? అసలేం జరిగింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆయన చెప్పింది 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్నప్పుడు, ఉత్తరాది వైపు పోరాడిన ఫస్ట్ మిన్నెసోటా పదాతిదళం గురించి అండి. మీ సందేహం న్యాయమైనదే కానీ, ఆ సాయంత్రం వాళ్లు ఎందుకు దూకాల్సి వచ్చిందో తెలిస్తే ఆయన ఛాతీ విరుచుకోవడంలో తప్పు కనిపించదు.

1863 జులై 2, పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర జరిగిన యుద్ధంలో రెండో రోజు. యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది వాళ్లు, సిమెటరీ రిడ్జ్ అనే గట్టు మీద బారుగా నిలబడి ఉన్నారు. వాళ్ల జనరల్ సికిల్స్ ఎవరూ చెప్పకుండానే తన దళాన్ని వరస వదిలి ముందుకు తీసుకెళ్లాడు. సాయంత్రానికి దక్షిణాది సైన్యం కొట్టిన దెబ్బకు ఆ దళం చెల్లాచెదురై వెనక్కి పరుగు తీసింది, గట్టు మీద పెద్ద ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలోకి విల్‌కాక్స్ నడిపిస్తున్న అలబామా బ్రిగేడ్ (కొన్ని రెజిమెంట్లు కలిసిన దక్షిణాది దళం), వెయ్యికి పైగా మంది, నేరుగా వచ్చేస్తున్నారు. ఉత్తరాది జనరల్ హాన్‌కాక్ గుర్రం మీద వచ్చి చూస్తే ఆపడానికి దగ్గర్లో ఉన్నది ఒక్క మిన్నెసోటా రెజిమెంటే. అదీ పూర్తిగా లేదు, ఎనిమిది కంపెనీలు (రెజిమెంట్‌లోని చిన్న దళాలు), 262 మంది. అదనపు దళాలు పరుగున వస్తున్నాయి, అవి చేరేదాకా ఓ ఐదు నిమిషాలు కావాలి. చార్జ్ చేయమన్నాడు, అంటే శత్రువు మీదికి దూకమని. అందరూ చస్తారని తెలిసినా ఆ ఆర్డర్ ఇచ్చేవాణ్ణేనని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

కర్నల్ విలియమ్ కాల్‌విల్ ఆర్డర్ వినిపించగానే బాయొనెట్లు ముందుకు పెట్టి ఆ వాలులో కిందికి పరుగెత్తారు. కింద ప్లమ్ రన్ అని చిన్న వాగు ఉంది, దాన్ని దాటుతున్న అలబామా ముందు వరస ఈ తాకిడికి చెదిరిపోయింది. తర్వాత వీళ్లు ఆ వాగు దగ్గరే, దాదాపు మూడు వైపులా తుపాకులు పేలుతుండగా, నిలబడి కాల్చారు. జెండా ఐదుసార్లు కింద పడిందని, ప్రతిసారీ ఇంకొకరు ఎత్తుకున్నారని చెబుతారు. కర్నల్, ఆయన కిందున్న లెఫ్టినెంట్ కర్నల్, మేజర్ ముగ్గురూ తీవ్రంగా గాయపడ్డారు. ఈలోగా అదనపు దళాలు వచ్చేశాయి, విల్‌కాక్స్ వెనక్కి తగ్గాడు.

మిగిలింది 47 మంది. మిగతా 215 మందీ చనిపోయారనుకోకండి, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి ఆ లెక్క. 262లో 215 అంటే 82 శాతం, అక్కడి స్మారకస్తంభం మీద మాత్రం 83 శాతానికి పైనే అని చెక్కారు, రాతి మీద పడ్డాక ఇక ఎవరు దిద్దుతారు లెండి. దాని మీదే ఇంకో మాట కూడా ఉంది: కనిపించకుండా పోయినవాడు ఒక్కడూ లేడని. అంటే ఎవరూ పారిపోలేదు, ఎవరూ పట్టుబడలేదు. మీరు విన్న గొప్ప అదే.

ప్రశ్న: రెజిమెంట్ అంటే వెయ్యిమంది ఉంటారని చదివాను. మరి గెటిస్‌బర్గ్‌కి అంత తక్కువమంది ఎలా వచ్చారు?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: మొదట వెయ్యిమందే. 1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే కోట దక్షిణాది చేతికి చిక్కేసరికి మిన్నెసోటా గవర్నర్ అలెగ్జాండర్ రామ్సే వాషింగ్టన్‌లోనే ఉన్నాడు, మర్నాడే వెళ్లి వెయ్యిమందిని ఇస్తానన్నాడు. అలా సైనికులను ఇస్తానన్న మొదటి రాష్ట్రం అదే. అప్పటికి ఆ రాష్ట్రం పుట్టి మూడేళ్లు కూడా కాలేదు, 1860 లెక్కల్లో జనాభా 1 లక్షా 72 వేలు. యూనిఫామ్‌లు కూడా లేవు, ఎర్ర ఫ్లానెల్ చొక్కాలూ నల్ల ప్యాంట్లూ ఇచ్చి పంపారు. కలప కొట్టేవాళ్లు, రైతులు, గుమాస్తాలు.

ఆ జులైలోనే బుల్ రన్ యుద్ధంలో దాదాపు 180 మందిని పోగొట్టుకున్నారు. తర్వాత వర్జీనియాలో ఫెయిర్ ఓక్స్, శావేజ్ స్టేషన్ పోరాటాలు. 1862 సెప్టెంబర్ 17న యాంటీటమ్‌లో వెస్ట్ వుడ్స్ అనే చెట్ల తోపులోకి సెడ్జ్‌విక్ డివిజన్‌తో వెళ్లి, పక్కనుంచి పడ్డ దెబ్బకి మళ్లీ నూరుమందికి పైగా. డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్. వీటికి తోడు విరేచనాలు, టైఫాయిడ్. ఆ యుద్ధంలో తూటాల కంటే జబ్బులే ఎక్కువమందిని తీసుకుపోయాయి.

ఖాళీలు నింపొచ్చు కదా అంటారా? అక్కడే వచ్చింది చిక్కు. చాలామంది గవర్నర్లకి పాత రెజిమెంట్లలోకి మనుషుల్ని పంపడం కంటే కొత్తవి పెట్టడమే ఇష్టం, కొత్తది పెడితే కొత్త ఆఫీసర్ల పోస్టులు వాళ్ల చేతిలో ఉంటాయి, అనుచరులకి పంచుకోవచ్చు. మనకేం కొత్త విషయం కాదుగా. దాంతో అనుభవమున్న రెజిమెంట్లు అలా కరిగిపోతూ వచ్చాయి. పైగా ఆ రోజు కొన్ని కంపెనీలను వేరే పనుల మీద పంపేశారు.

ప్రశ్న: కాల్‌విల్ గెటిస్‌బర్గ్‌కి అరెస్టయిన ఖైదీగా వచ్చాడట, నిజమేనా?
– రిటైర్డ్ టీచర్, వరంగల్

జవాబు: నిజమే, కారణం వింటే నవ్వొస్తుంది. జూన్ 29న రోజంతా నడక, ముప్ఫై మైళ్లకు పైనే. దారిలో ఒక వాగొచ్చింది. వరస చెదరకుండా నీళ్లలో దిగి దాటాలని పైనుంచి ఆర్డర్. తడిసిన బూట్లతో అంత దూరం నడిస్తే అరికాళ్లు బొబ్బలెక్కి మర్నాడు అడుగు పడదు, నడిచినవాడికే తెలుస్తుంది. వాగుకి అడ్డంగా ఉన్న దుంగల మీంచి తన వాళ్లు దాటుతుంటే కాల్‌విల్ చూసీ చూడనట్టు వదిలేశాడు. దాంతో అరెస్ట్. జులై 2న ఆ ఆర్డర్ ఎత్తేసి రెజిమెంట్ అప్పగించారు, అదే సాయంత్రం పైన చెప్పిన చార్జ్. ఆయన ఆరడుగుల పైన మనిషి, రెడ్ వింగ్ అనే ఊళ్లో లాయరు, పత్రిక ఎడిటరు కూడా.

ప్రశ్న: దక్షిణాది జెండా ఒకటి ఇంకా మిన్నెసోటాలోనే ఉందని, తిరిగి ఇవ్వడం లేదని విన్నాను. గొడవేమిటి?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మర్నాడు, జులై 3న, పికెట్ చార్జ్ అని పేరుపడ్డ దక్షిణాది సైన్యం పెద్ద దాడిని ఎదుర్కొన్నవాళ్లలో ఈ మిగిలినవాళ్లూ ఉన్నారు. ఇంకో 17 మంది దెబ్బతిన్నారు, కాల్‌విల్ స్థానంలో నడిపిస్తున్న కెప్టెన్ మెసిక్ చనిపోయాడు. ఆ పోరులోనే సి కంపెనీ సిపాయి మార్షల్ షెర్మన్ 28వ వర్జీనియా రెజిమెంట్ జెండా పట్టుకున్నాడు, అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. జెండా ఇప్పుడు మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ దగ్గరుంది. వర్జీనియా వాళ్లు చాలాసార్లు అడిగారు. అప్పట్లో మిన్నెసోటా గవర్నర్‌గా ఉన్న మాజీ రెజ్లర్ జెస్సీ వెంచురా, గెలిచింది మేమైతే ఎందుకివ్వాలి అన్నాడు. 2013లో 150 ఏళ్ల వేడుకలప్పుడు అడిగితే గవర్నర్ మార్క్ డేటన్ కూడా కుదరదన్నాడు. నాకైతే అరువుగా కొన్నాళ్లు పంపినా పోయేదేం లేదనిపిస్తుంది, కానీ ఆ మాట మిన్నెసోటాలో అనకండి.

ఆ తర్వాత సంగతి కూడా కొందరు అడిగారు కాబట్టి క్లుప్తంగా. నిర్బంధ సైనిక భర్తీకి వ్యతిరేకంగా న్యూయార్క్‌లో అల్లర్లు జరిగాక ఆగస్టులో వీళ్లని అక్కడికి పంపారు, అక్టోబర్‌లో బ్రిస్టో స్టేషన్ దగ్గర మళ్లీ పోరు, 1864 వసంతంలో మూడేళ్ల గడువు ముగిసి ఇంటికి. మళ్లీ చేరినవాళ్లతో చిన్న బెటాలియన్ కట్టారు, అది పీటర్స్‌బర్గ్ మీదుగా, దక్షిణాది జనరల్ లీ సైన్యం లొంగిపోయిన అపొమాటక్స్ దాకా ఉంది.

ఖమ్మం అమ్మగారూ, ఈసారి మీ అమ్మాయి దగ్గరికెళ్లి మేయో క్లినిక్ ఉన్న రోచెస్టర్ వైపు కారులో వెళ్తే, 52వ నంబరు హైవే మీద కానన్ ఫాల్స్ తగులుతుంది. కాల్‌విల్‌ని పాతిపెట్టింది ఆ ఊళ్లోనే, ఆయన విగ్రహాన్ని 1928లో అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ వచ్చి ఆవిష్కరించాడు. పెద్ద టైమేం పట్టదు, ఆగి చూసి వెళ్లండి.