ఎన్నారై సందేహాలు: మోటార్‌హోమ్‌లో దిగిపోయింది ఏ బ్యాటరీ?

ప్రశ్న: మాది గుంటూరు. అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వేసవిలో మా అమ్మానాన్నలు, అత్తమామలు వస్తున్నారు. అందరం కలిసి వంట, పడక సదుపాయాలున్న అద్దె బండి, అంటే మోటార్‌హోమ్‌లో యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు వెళ్లాలనుకుంటున్నాం. దారిలో బ్యాటరీ దిగిపోతే, కారుకు చేసినట్టే, మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుల్స్‌తో స్టార్ట్ చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అయితే కేబుల్స్ బయటికి తీయడానికి ముందే, దిగిపోయింది ఏ బ్యాటరీయో తేల్చుకోవాలి. మోటార్‌హోమ్‌లో ఇంజన్‌ను తిప్పే బ్యాటరీ ఒకటి, లోపలి దీపాలను, నీటి పంపును నడిపే ఇంటి బ్యాటరీలు వేరుగా ఉంటాయి. అందువల్ల లోపల దీపాలన్నీ దేదీప్యమానంగా వెలుగుతున్నా, తాళం తిప్పితే ఇంజన్ టక్కుమని ఊరుకోవచ్చు. డ్రైవరు సీటు దగ్గరి లైటును రాత్రంతా వదిలేయడం, ముందు తలుపు సరిగా వేయకపోవడం వంటివి ఇంజన్ బ్యాటరీని దించేస్తాయి. వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటరు వెంట ఉంచుకుంటే ఊహలతో పని ఉండదు. కాసేపు ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 లోపు చూపిస్తే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క.

ఇంజన్ బ్యాటరీయే దిగిందని తేలితే, ముందుగా డాష్‌బోర్డు మీద ఎమర్జెన్సీ స్టార్ట్ లేదా బ్యాటరీ బూస్ట్ అని రాసిన స్విచ్ ఉందేమో వెతకండి. చాలా బండ్లలో ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే ఇంటి బ్యాటరీలు ఇంజన్ బ్యాటరీతో కలుస్తాయి. అలా నొక్కి ఉంచే తాళం తిప్పాలి. ఈ స్విచ్ ఉన్న సంగతి తెలియక ఇతరుల కారు కోసం గంటలకొద్దీ ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు. ఇక నలుగురూ దిగి తోస్తే స్టార్టవుతుందన్న మన ఊరి ఉపాయం ఇక్కడ పనికిరాదు. అద్దెకిచ్చే మోటార్‌హోమ్‌లు దాదాపు అన్నీ ఆటోమేటిక్ గేర్లవి. వాటిని తోసి స్టార్ట్ చేయడం కుదరదు. పైగా పెద్దవాళ్లను అంత బరువైన బండి వెనక నిలబెట్టడం ప్రమాదం కూడా.

స్విచ్‌తో పని కాకపోతేనే కేబుల్స్. సాయమిచ్చే బండి కూడా 12 వోల్టులదే అయి ఉండాలి. కొన్ని పెద్ద డీజిల్ వాహనాలలో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది, దానితో కలిపితే మీ బండిలోని ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల నుంచి కరెంటు తీసుకోవచ్చని వాటి పుస్తకంలో స్పష్టంగా ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లకండి. మోటార్‌హోమ్ ఇంజన్ పెద్దది కాబట్టి చవక రకం సన్నని కేబుల్స్ చాలవు. లావుగా, పొడవుగా ఉన్నవి కొనండి. బ్యాటరీ ఎక్కడుందో కూడా ముందే చూసి పెట్టుకోవాలి. మెర్సిడెస్ స్ప్రింటర్ వ్యాను మీద కట్టిన బండ్లలో అది డ్రైవరు కాళ్ల కింద, నేలలో ఉంటుంది. జంప్ స్టార్ట్ కోసం బానెట్ కింద వేరే ప్లస్ టెర్మినల్ ఇస్తారు.

పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, గాజులు, లోహపు గడియారం తీసేయండి. మన ఇళ్లలో ఒంటి మీద బంగారం సహజం కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను: ప్లస్ టెర్మినల్‌కూ బండి లోహానికీ మధ్య ఉంగరం తగిలితే అది క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసినా, గడ్డకట్టినా ముట్టుకోకుండా దూరంగా వచ్చేయాలి. బ్యాటరీ గడ్డకట్టడమేమిటని కృష్ణా, గుంటూరు ఎండల్లో పెరిగిన మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. పూర్తిగా దిగిన బ్యాటరీలోని ద్రవం నీటిలా పలుచబడి, సున్నాకు కొద్ది డిగ్రీల కిందనే గడ్డకడుతుంది. అటువంటిదానికి కరెంటు ఇస్తే పేలవచ్చు.

బండ్లు రెండూ ఒకదానికొకటి తగలకుండా నిలిపి, ఇంజన్లు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేయండి. ఎర్ర కేబుల్ ఒక కొసను దిగిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొసను మంచి బ్యాటరీ ప్లస్‌కు పెట్టాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ మైనస్‌కు తగిలించి, దాని చివరి క్లిప్పును మాత్రం దిగిన బ్యాటరీకి కాకుండా, మూరెడు దూరంలో మీ ఇంజన్ మీద రంగులేని లోహానికి పెట్టాలి. చివరి క్లిప్పు తగిలేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ చేరి ఉండవచ్చు. ఈ రెండూ కలవకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో వైరును టెర్మినల్‌కు గీసి, రవ్వలు లేస్తున్నాయో లేదో చూసి బ్యాటరీ సంగతి చెప్పే మెకానిక్కుల మధ్య పెరిగినవాణ్ని నేను. ఆ పరీక్ష ఇక్కడే కాదు, అక్కడా వద్దనే అంటాను. ప్లస్, మైనస్ తారుమారు చేయడం దీనికేమీ తీసిపోని తప్పు. నల్ల వైరే మైనస్ అనుకోకుండా బ్యాటరీ మీది గుర్తు చూసుకోండి.

సాయమిచ్చే బండి ఇంజన్‌ను నిలిపినచోటే ఐదు, పది నిమిషాలు ఆడనిచ్చి, తరువాత మీ బండి సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా కొట్టి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. నాలుగైదుసార్లకు కాకపోతే లోపం వేరేచోట ఉండవచ్చు, లేదా కేబుల్స్ చాలకపోవచ్చు, అక్కడితో మానండి. స్టార్టయితే కేబుల్స్‌ను పెట్టిన వరుసకు సరిగ్గా వెనక నుంచి తీయాలి.

స్టార్టయ్యింది కదా అని వెంటనే ఆపేయకండి. అరగంట నడిపినా పూర్తిగా దిగిన బ్యాటరీ నిండదు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ప్లగ్గు పెడితే నిండుతుందనుకుంటారు గానీ, చాలా బండ్లలో ఆ కరెంటు ఇంటి బ్యాటరీలకే చేరుతుంది, ఇంజన్ బ్యాటరీకి చేరదు. మీ బండిలో ఏది నిండుతుందో, బూస్ట్ స్విచ్ ఎక్కడుందో, ఒప్పందం ప్రకారం మీరే జంప్ స్టార్ట్ చేసుకోవచ్చో లేదో తాళాలు తీసుకునే రోజే అడిగి రాసుకోండి. బండి అద్దెకిచ్చినవారి సహాయ నంబరు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా ఉండాలి. యెల్లోస్టోన్‌లో చాలా చోట్ల సిగ్నల్ అందదు కాబట్టి పార్కు ఆఫీసు ఫోన్ నుంచో, పక్క బండి వారి ఫోన్ నుంచో మాట్లాడవలసి రావచ్చు.