రేడియో నేరపరిశోధకుణ్ణి తెరకెక్కించబోతున్న మేనల్లుడికి

చి॥ కృష్ణకాంత్‌కు,
మామయ్య ఆశీస్సులు.

లాస్ ఏంజిలస్‌లో నీవు చదువుతున్న సినిమా కళాశాలలో, పాత అమెరికన్ రేడియో నేరపరిశోధన నాటకం ఒకదానిని 1950ల నాటి టెలివిజన్ పద్ధతిలో అరగంట భాగంగా తీయమన్నారనీ, నీకు అదృశ్యుడై నేరస్థులను పట్టే నాయకుడి నాటకం ‘ది షాడో’ మీద మనసుపడిందనీ రాసిన ఉత్తరం అందింది. ఆకాశవాణికి నాటకాలు రాసి, ఆపైన దూరదర్శన్‌కూ రాసినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఆ ఎంపిక మార్చుకో.

షాడో బలమంతా కనిపించకపోవడంలోనే ఉంది. వాల్టర్ గిబ్సన్ రాసిన పత్రికా కథల్లో అతడు నల్లని అంగీ కప్పుకొని చీకట్లో మసలే మనిషి. ఎదుటివారి మనసును కమ్మేసి అదృశ్యమయ్యే శక్తి రేడియో వారు ప్రసాదించినది. మైకు ముందు ఆ శక్తికి దమ్మిడీ ఖర్చు లేదు. 1937లో ఆర్సన్ వెల్స్ ఆ పాత్ర ధరించినప్పుడు, గొంతును ధ్వని మార్చే ఫిల్టరు గుండా పంపితే చాలు, లామాంట్ క్రాన్‌స్టన్ (మామూలు మనిషిగా షాడో పేరు అదే) మాయమై షాడో వచ్చాడని శ్రోత నమ్మేవాడు. అదే ఘట్టం కెమెరా ముందు ఒక ఖాళీ గదిగానూ, ఆ గదిలో లేని మనిషిని చూసి భయం నటించే ఒక దొంగగానూ మిగులుతుంది. 1950ల్లో షాడోను టెలివిజన్ కోసం ప్రయోగాత్మకంగా తీసినా అది ధారావాహికగా నిలవలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

నీవు గురువుగా పెట్టుకోవలసినది ‘డ్రాగ్‌నెట్’ అనే పోలీసు ధారావాహిక. నటుడు జాక్ వెబ్ దానిని 1949లో అమెరికన్ ప్రసార సంస్థ ఎన్.బి.సి. రేడియోలో ప్రారంభించి, 1951 డిసెంబరులో టెలివిజన్‌కు తెచ్చాడు. ఆ తరువాత కొన్నేళ్లపాటు రెండూ సమాంతరంగా నడిచాయి. అందులో నాయకుడైన పోలీసు సార్జెంట్ జో ఫ్రైడేకు మాయలు లేవు, ముసుగు లేదు, ఉన్నదల్లా ఉద్యోగమే. ఆనాటి తేదీ, వాతావరణం, తాను ఏ విభాగంలో ఏ షిఫ్టులో ఉన్నాడో చెప్పి కథ మొదలుపెట్టి, తలుపులు తట్టి, ప్రశ్నలు అడిగి, కాగితాలు తిరగేసి, చివరికి కోర్టు తీర్పుతో ముగిస్తాడు. ఇదంతా కంటికి కనిపించే పనే కనుక, మాధ్యమం మారినా నాయకుడి బలం తరిగిపోలేదు. నగర పాలక భవనంలోకి బాంబుతో వచ్చి, జైల్లో ఉన్న సోదరుణ్ణి విడిచిపెట్టమని బెదిరించే మనిషి కథ 1949లో రేడియోలో వచ్చింది. టెలివిజన్‌లో తొలి భాగంగా వెబ్ ఎంచుకున్నదీ ఆ కథనే. ముందు రేడియో భాగాన్ని కళ్లు మూసుకొని విని, తరువాత తెర మీది భాగాన్ని చూడు. ఏ మాట తీసేశారో, ఆ మాట స్థానంలో ఏ ముఖాన్ని చూపించారో ఒక కాగితం మీద రాసుకో. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పనంత ఆ కాగితం నేర్పుతుంది.

ముఖాలన్నాను కదా, అక్కడ కొంచెం ఆగాలి. ఆనాటి టెలివిజన్ తెర చాలా చిన్నది, బొమ్మ మసక. దూరం నుంచి తీసిన గుంపు చీమలబారులా కనిపించేది. అందుకే వెబ్ ముఖానికి ఆనుకున్నట్టు క్లోజప్పులు తీశాడు. నటులు సంభాషణను కంఠస్థం చేసి రంగస్థలం మీదిలా పండించకుండా, మాటలను ఎదుట చూపించే టెలిప్రాంప్టర్ చూసి మామూలుగా పలికేలా చేశాడు. రేడియోకు అలవాటుపడిన గొంతు ప్రతి మాటకూ బరువు వేస్తుంది. పక్కనే ముఖం కూడా అదే బరువు మోస్తుంటే ప్రేక్షకుడికి నాటకం ఎక్కువైనట్టు ఉంటుంది. నీ నటులకు ఇది మొదటి రోజే చెప్పు.

నటుల ఎంపికలో గొంతును చూసి మోసపోకు. ముసుగు వేసుకుని దుండగులను పట్టే గుర్రపు రౌతు ‘లోన్ రేంజర్’కు రేడియోలో బ్రేస్ బీమర్ గొంతు ఇంటింటా తెలిసినదే అయినా, 1949లో టెలివిజన్‌కు వచ్చేసరికి క్లేటన్ మూర్‌ను తీసుకున్నారు. 1952లో మూర్‌ను తప్పించి జాన్ హార్ట్‌కు అదే ముసుగు తగిలించారు. 1954లో మళ్లీ మూర్‌నే పిలవవలసి వచ్చింది. అతడి సహచరుడైన అమెరికన్ ఆదివాసి టోంటో సంగతి ఇంకా విచిత్రం. రేడియోలో ఆ పాత్రకు గొంతిచ్చినవాడు జాన్ టాడ్ అనే వృద్ధ రంగస్థల నటుడు, తెల్లవాడు. తెర మీద మాత్రం మొహాక్ అనే ఆదివాసి జాతికి చెందిన జే సిల్వర్‌హీల్స్ రావలసి వచ్చింది.

ఇక రాతపని. రేడియో ప్రతిలో “ఆ తుపాకీ కింద పెట్టు, తలుపు వైపు కదలకు” వంటి, వస్తువునూ చోటునూ శ్రోతకు తెలియజెప్పే మాటలన్నీ ముందు కొట్టెయ్యి. వ్యాఖ్యానాన్ని కాలం దాటించడానికి ఉంచుకో, కనిపిస్తున్నదాన్ని మళ్లీ చెప్పడానికి వాడకు. రేడియోలో కొద్ది క్షణాలు మౌనం పడితే శ్రోత సెట్టు పాడైందనుకుంటాడు కనుక మేము మాటతోనో చప్పుడుతోనో ఆ ఖాళీని నింపేవాళ్లం. నీవు ఆ ఖాళీని నటుడి కళ్లకు వదిలెయ్యి. అలాగని చప్పుళ్లన్నీ పారేయకు. వీధిలో ఆగిన కారును చూపించాలంటే డబ్బు కావాలి, కిటికీ అవతల బ్రేకు చప్పుడు వినిపించి లోపలి మనిషి తల తిప్పితే చాలు. రేడియో కథ రేవుకీ, కొండకీ, విమానంలోకీ ఒక్క వాక్యంలో వెళ్లిపోతుంది. నీకున్న డబ్బుతో మూడు నాలుగు సెట్లకు మించి వేయలేవు కనుక, సెట్లు తేల్చుకున్నాకే సన్నివేశాలు విభజించు.

స్పాన్సరు ప్రకటనలకు పోను అరగంటలో కథకు మిగిలేది ఇరవై అయిదు నిమిషాల చిల్లర. కొందరు స్పాన్సర్లు ప్రకటనను కథలోకే దూర్చారు. ‘మార్టిన్ కేన్’ అనే ధారావాహికలో డిటెక్టివు పొగాకు దుకాణంలో తిష్ట వేసేవాడు, ఖర్చు భరించినది పొగాకు కంపెనీయే. నీకు ఆ బెడద లేదు గానీ, విరామాలను ఆనాటి చోట్లలోనే ఉంచు, ఎందుకంటే పాత ప్రతుల్లో ఉత్కంఠ పతాకకు చేరేది అక్కడే. చివరగా, ఎంచుకున్న నాటకం హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయో కళాశాల వారిని అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే పని మొదలుపెట్టు. మొదటి ప్రతి సిద్ధమయ్యాక, కొట్టేసిన మాటలు కూడా కనిపించేలా నాకు పంపు.

మీ మామయ్య