‘ట్రాన్స్‌ఫ్యాట్ ఫ్రీ’ ప్యాకెట్లో వనస్పతి ఏమిటి?

ప్రశ్న: మావారికి స్టెంట్ వేశారు. ట్రాన్స్‌ఫ్యాట్ అస్సలు తగలకూడదన్నారు. బిస్కెట్ ప్యాకెట్ మీద ‘ట్రాన్స్‌ఫ్యాట్ ఫ్రీ’ అని ఉంది, వెనక చూస్తే వనస్పతి ఉంది. ఏది నమ్మాలి? పిండివంటలు చేయగా మిగిలిన నూనె మళ్లీ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, రెండూ నిజమే కావచ్చు. నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తే పాతకాలపు వనస్పతి తయారయ్యేది. ఆ పనిని సగంలో ఆపితే ట్రాన్స్‌ఫ్యాట్ మిగిలిపోతుంది. అది ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, హెచ్‌డీఎల్ అనే మంచిదాన్ని తగ్గిస్తుంది. గుండెకు రెండువైపులా దెబ్బే. డాక్టరుగారు అంత గట్టిగా చెప్పింది అందుకే.

2022 జనవరి నుంచి మన దేశంలో వనస్పతిలోనైనా, దానితో చేసిన తినుబండారాల్లోని కొవ్వులోనైనా ఇది 2 శాతం దాటకూడదు. బిస్కెట్లలో వందకు 20 గ్రాముల కొవ్వుంటే, ట్రాన్స్‌ఫ్యాట్ 0.4 గ్రాములకు మించదన్నమాట. వంద గ్రాములకు 0.2 గ్రాముల లోపుంటే ‘ఫ్రీ’ అని వేసుకోవచ్చు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 2.2 గ్రాములు.

అలాగని నిశ్చింతగా తినిపించకండి. గడ్డకట్టడం కోసం ఇప్పుడు పామాయిల్ కొవ్వు ఎక్కువగా వాడుతున్నారు. పామాయిల్‌లో దాదాపు సగం శాచురేటెడ్ కొవ్వే, అదీ ఎల్‌డీఎల్‌ను పెంచేదే. లేబుల్ మీద ఆ వరుస కూడా చూడండి.

నా అసలు భయం లేబుల్ లేని సరుకు గురించి. బేకరీ కర్రీపఫ్‌లో పొరలు విడివడాలంటే గడ్డకొవ్వు పడాల్సిందే. చల్లారిన పఫ్ కొరికితే అంగిలికి మైనంలా అంటుకునేది అదే. ఏ వనస్పతి, ఎంత వేశారో మనకు తెలియదు. మీవారికి అది వద్దు.

ఇక నూనె. ఇంట్లో ఒకసారి కాగినంత మాత్రాన ట్రాన్స్‌ఫ్యాట్ పెద్దగా పుట్టదు. కానీ మళ్లీ మళ్లీ కాగితే నూనె విరిగి, ఇతర హానికర పదార్థాలు పేరుకుంటాయి. చల్లారాక పలుచని బట్టలో వడకట్టండి. మాడిన పిండి నలుసులు ఉండిపోతే నూనె త్వరగా పాడవుతుంది. మూతపెట్టి, రెండురోజుల్లో తాలింపులకు వాడేయండి. దాంట్లో కొత్త నూనె కలిపి మళ్లీ మూకుడు పెట్టొద్దు. నురగ కట్టినా, జిగురుగా సాగినా, కాగకముందే పొగ వచ్చినా పారబోయడమే. మీవారి కూరకు మాత్రం కొత్త నూనెతోనే తాలింపు పెట్టండి.