డాన్ నాట్స్ మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

అమెరికన్ హాస్యనటుడు డాన్ నాట్స్ మీద నీ వ్యాసం 1924లో మోర్గన్‌టౌన్‌లో పుట్టాడంటూ మొదలై 2006లో చనిపోయాడంటూ ముగిసింది. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. నటుడే కనపడలేదు. 1956 దగ్గర ఎత్తుకో. టీవీలో స్టీవ్ అలెన్ షోలో, వీధి ఇంటర్వ్యూల స్కెచ్‌లలో (చిన్న హాస్య సన్నివేశాల్లో) వణికిపోతూ, కంగారుగా ఉందా అని అడిగితే లేదని తెగేసి చెప్పే మనిషిగా కనిపించాడు. తర్వాత అతనికి పేరు తెచ్చిన పాత్ర, డెప్యూటీ (షెరిఫ్ సహాయకుడు) బార్నీ ఫైఫ్‌కి బీజం అక్కడుంది.

బార్నీ ఉన్న హాస్య ధారావాహిక 'ది ఆండీ గ్రిఫిత్ షో' 1960 అక్టోబర్ 3న సీబీఎస్ టీవీలో మొదలైంది. అందులో షెరిఫ్ (ఊరి పోలీసు అధికారి) ఆండీగా చేసింది గ్రిఫిత్. పైలట్ (ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్) చూసి, షెరిఫ్‌కి ఒక డెప్యూటీ ఉంటే బాగుంటుందని గ్రిఫిత్‌కి ఫోన్ చేసింది నాట్సే. మొదట నవ్వించాల్సింది గ్రిఫిత్. రెండో ఎపిసోడ్ నాటికే నవ్వులు నాట్స్‌కి వదిలేసి, తాను నిలకడగా వినేవాడి స్థానంలోకి జరిగాడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే వ్యాసానికి ప్రాణం ఇదే.

చూపించడానికి ఒక సన్నివేశం చాలు. నాలుగో సీజన్‌లో బార్నీ, బళ్లో నేర్చుకున్న అమెరికా రాజ్యాంగ పీఠిక ఇప్పటికీ నోటికొచ్చని గొప్పలు పోతాడు. అప్పజెప్పమంటే ఒక్క మాటా రాదు. ఆండీ ఒక్కో మాటా అందిస్తుంటే తడుముకుంటూ పట్టుకుని, చివరికి అంతా తనకే వచ్చినట్టు తృప్తి పడతాడు. దాన్ని ఒకసారి శబ్దం తీసేసి చూడు, ఒకసారి కళ్లు మూసుకుని విను. నాట్స్ ముఖం ఎక్కడ మారింది, ఆండీ ఎంతసేపు ఆగి మాట అందించాడు, రాసుకో. ఆ తర్వాత నీ వ్యాసంలో 'అద్భుతమైన హావభావాలు' అన్న మాట అక్కర్లేదు. బార్నీ చొక్కా జేబులో ఉండే ఒకే ఒక్క తూటా గురించి అందరూ రాస్తారు. ఒక వాక్యం చాలు.

ఒక తప్పు దిద్దుకో. 'అయిదేళ్లలో అయిదు ఎమ్మీలు' (అమెరికా టీవీ అవార్డులు) కాదు. 1961, 62, 63, 66, 67ల్లో వచ్చాయి. 1965లోనే అతను షో వదిలాడు, చివరి రెండూ అతిథిగా తిరిగొచ్చిన ఎపిసోడ్లకు. రంగుల్లో తీయడం అతను వెళ్లాకే మొదలైంది కాబట్టి, రంగుల ఎపిసోడ్‌లో బార్నీ కనిపిస్తే అతిథిగా వచ్చాడని అర్థం.

ఎందుకు వెళ్లాడో తప్పకుండా రాయి. అయిదేళ్లతో ఆపేస్తానని గ్రిఫిత్ అంటూ వచ్చాడు. ఆ మాట నమ్మి నాట్స్ యూనివర్సల్ స్టూడియోతో సినిమాల ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత గ్రిఫిత్ మనసు మార్చుకున్నాడు. షో 1968 దాకా నడిచింది. ఇక్కడ ఎవరినీ దోషిని చెయ్యకు, వరస చెబితే చాలు.

సినిమాలు ఒక పేరాలో ముగించు. 1979లో 'త్రీస్ కంపెనీ' అనే టీవీ హాస్య ధారావాహికలో ఇంటి మేనేజర్ ఫర్లీగా వచ్చినప్పుడు మాత్రం ఆగు. బార్నీని ప్రేక్షకులు లేకుండా ఒకే కెమెరాతో ఫిల్మ్ మీద తీశారు; నవ్వులు తర్వాత కలిపారు. ఫర్లీకి ఎదురుగా జనం ఉన్నారు, వాళ్ల నవ్వు తగ్గేదాకా ముఖాన్ని అలాగే నిలపాలి. అదే కంగారు మనిషి ఇక్కడ పెద్దగా, నిదానంగా కనిపించడానికి అదొక కారణం. రెండింటి నుంచీ చెరో రెండు నిమిషాలు పక్కపక్కన పెట్టి చూసి, ఆ పేరా ముందు రాసి పంపు. మిగతాది దాని చుట్టూ కట్టుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య