లివర్‌కు కట్టిన ఆ తాడు విప్పేయండి

ప్రశ్న: బ్యాటరీతో నడిచే లాన్ మోవర్ (గడ్డి కోసే యంత్రం) కొని రెండేళ్లయింది. ఇప్పుడు పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది. కాసేపయ్యాక దానంతటదే మళ్లీ తిరుగుతోంది. వేళ్లు నొప్పి పుడుతున్నాయని హ్యాండిల్ దగ్గరి లివర్‌ను తాడుతో కట్టేశాను. కొత్త బ్యాటరీ కొనాలా?

జవాబు: ముందు ఆ తాడు విప్పేయండి, బ్యాటరీ సంగతి తర్వాత చూద్దాం. తాడో టేపో చుట్టి లివర్‌ను నొక్కి ఉంచామని రాసేవారు ఎక్కువైపోతున్నారు. చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తోంది. చెయ్యి జారినా, కాలు జారినా బ్లేడు ఆగడానికే ఆ లివర్ ఉంది. తోసుకుంటూ నడిపే మోవర్లలో హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలోపు బ్లేడు నిలిచిపోవాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది. ఆ రక్షణను మీరు ఒక తాడుముక్కతో తీసేశారు.

మీ ప్రశ్నలో నన్ను భయపెట్టిన మాట ‘దానంతటదే’. యంత్రం వేడెక్కి ఆగింది. వంగి చూశారు. కింద గడ్డి ముద్ద కనిపించింది, చెయ్యి పెట్టారు. ఈలోగా లోపల వేడి తగ్గింది. లివర్ నొక్కే ఉంది కాబట్టి మోటారుకు మళ్లీ కరెంటు అందింది. ఆ తర్వాత జరిగేది రాయడానికి నాకు చేతులు రావడం లేదు. ఇందులో తయారీదారు తప్పు కూడా తక్కువేమీ కాదు. వేడెక్కి ఆగిన మోవర్, లివర్‌ను ఒకసారి వదిలి మళ్లీ పట్టుకుంటే తప్ప కదలకూడదు.

మీ బ్యాటరీ బాగానే ఉండవచ్చు. చల్లబడ్డాక నడుస్తోందంటే ఎక్కడో భారం పెరిగి మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. సేఫ్టీ కీ (అది లేకపోతే మోవర్ నడవదు) తీయండి, బ్యాటరీ బయటికి లాగండి, మందపాటి చేతితొడుగులు వేసుకుని యంత్రాన్ని పక్కకు వాల్చండి. తడి గడ్డి పొరలు పొరలుగా ఎండి, పిడకలా అంటుకుని ఉంటుంది. చెక్క ముక్కతో గీకేయండి, పైపుతో నీళ్లు కొట్టకండి. బ్లేడు అంచు మొద్దుబారి ఉంటే పదును పెట్టించండి. తిరిగి బిగించే ముందు మధ్య రంధ్రంలో మేకు దూర్చి వేలాడదీయండి. ఒక వైపు కిందికి వాలితే అటువైపు ఇంకొంచెం అరగదీయాలి. లేకపోతే ఆ అదురుకు బేరింగులు పోతాయి.

ఇంత చేసినా పది నిమిషాలకే ఆగితే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. అది ఉబ్బి ఉంటే మాత్రం ఇక చార్జింగ్ పెట్టనే వద్దు.

అసలు ఈ ప్రశ్న మీరు నన్ను అడగాల్సిన అవసరమే రాకూడదు. మోటారు వేడెక్కినా, బ్లేడు ఇరుక్కున్నా, బ్యాటరీ అయిపోయినా ఇలాంటి మోవర్ల మీద వెలిగేది ఒకటే ఎర్ర దీపం. కారణం తెలియాలంటే కొన్నింటికి ఫోనులో యాప్ పెట్టుకుని, ఖాతా తెరిచి, లొకేషన్ అనుమతి ఇవ్వాలి. గడ్డి ఇరుక్కుందని చెప్పడానికి నేను ఎక్కడున్నానో దానికెందుకు? ఆ ఎర్ర దీపం పక్కనే మూడు గుర్తులు ముద్రించి, మూడు చిన్న దీపాలు పెడితే సరిపోయేది.